ఫ్రాన్సు దేశపు సైకిలు పందెం – ఖాళీగా ఉంచిన ఏడు గడులు



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు, డి.ఏ., ఎరియర్స్ సంగతులు కాక వేరేది వ్రాద్దామనిపించింది. మనలో చాలామందిమి ఉద్యోగంలో చేరిన కొత్తలో సైకిలు అడ్వాన్సుకు దరఖాస్తు పెట్టుకుని, నెలనెలా జీతంలో కోత పెట్టించుకుని, ఆ సైకిలు మీదనే ఆఫీసుకు వెళ్ళి వచ్చినవాళ్ళం. కనుక సైకిలు గురించి వ్రాస్తే ఎవరికీ పరాయి విషయం కాదనుకున్నాను. ఊరు మాత్రం మనది కాదు, ఫ్రాన్సు.

ఏటా జూలై ప్రాంతంలో అక్కడ ‘టూర్ ద ఫ్రాన్స్’ అనే సైకిలు పందెం జరుగుతుంది. మా మనవడు టీవీలో చూస్తుంటే ప్రక్కన కూర్చుని నేనూ చూడటం మొదలుపెట్టాను. పందెం సంగతి అలా ఉంచండి, నన్ను ఆకర్షించింది దాని విజేతల జాబితా. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆ జాబితాలో 1999 నుండి 2005 వరకు ఏడు సంవత్సరాలకు ఎదురుగా ఎవరి పేరూ లేదు. యుద్ధం వచ్చి పందెం ఆగిపోయిందా అంటే, అదీ కాదు. ఏడేళ్ళూ పందెం జరిగింది, ఒకడు గెలిచాడు కూడా. మరి గడి ఎందుకు ఖాళీగా ఉందో తెలుసుకుందామని పుస్తకాలు తిరగవేశాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

ముందు పందెం పద్ధతి చెప్పాలి. ఇది ఒక్క రోజుతో అయిపోయేది కాదు. ఇప్పుడు 21 అంచెలుగా, మధ్యలో రెండు రోజుల విశ్రాంతితో, మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు సాగుతుంది. ప్రతి రౌతుకూ ఆ రోజు పట్టిన కాలాన్ని అంతకుముందు రోజుల కాలానికి కూడుకుంటూ వస్తారు. చివరకు మొత్తం ఎవరిది తక్కువో అతనే విజేత. రోజూ ముందు రానక్కరలేదు, కూడికలో నెగ్గితే చాలు. 1990లో అమెరికా దేశస్థుడు గ్రెగ్ లెమాండ్ ఒక్క అంచెలోనూ మొదటివాడుగా రాకుండానే మొత్తం పందెం గెలిచాడు. అంతకుముందు ఏడు, 1989లో, అతనికీ ఫ్రాన్సుకు చెందిన లోరాం ఫిన్యోకూ మధ్య తేడా మూడు వారాల తరువాత 8 సెకండ్లు మాత్రమే! అంటే ఈ పందెమంతా లెక్క మీద నిలబడింది. లెక్క తప్పయితే పందెమే లేదు.

అసలు ఇది పుట్టినది పత్రిక అమ్ముకోవడానికి. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో పారిస్‌లో ‘వేలో’ అనే క్రీడాపత్రిక ఆకుపచ్చ కాగితం మీద వచ్చేది. దానికి పోటీగా ‘లోటో’ అనే పత్రిక పసుపుపచ్చ కాగితం మీద వెలువడింది. దాని సంపాదకుడు హెన్రీ దెగ్రాంజ్. పత్రిక సరిగా అమ్ముడుపోక దిగులు పడుతుంటే, జియో లెఫెవ్ర్ అనే కుర్ర విలేకరి, దేశమంతా చుట్టివచ్చే సైకిలు పందెం పెడితే ఎలా ఉంటుందని 1902 నవంబరులో సూచించాడు. 1903 జూలై 1న మొదటి పందెం బయలుదేరింది. అప్పుడు ఆరే అంచెలు, మొత్తం 2,428 కిలోమీటర్లు. ఒక్కొక్క అంచె సగటున నాలుగు వందల కిలోమీటర్లు, రాత్రిళ్ళు కూడా తొక్కవలసిందే. 60 మంది బయలుదేరితే 21 మంది చివరిదాకా వచ్చారు. చిన్నప్పుడు ఇళ్ళ పొగగొట్టాలు శుభ్రం చేసే పని చేసిన మారిస్ గారిన్ దాదాపు మూడు గంటల తేడాతో గెలిచాడు. లోటో అమ్మకాలు రెట్టింపు దాటాయి. వేలో 1904లో మూతపడింది.

మొదటి ఏడు అంత బాగా జరిగిన పందెం రెండో ఏటికే పాడయింది. 1904లో కొందరు చీకట్లో రైలెక్కారనీ, మోటారు కార్ల సాయం తీసుకున్నారనీ ఆరోపణలు వచ్చాయి. తమ ఊరివాడు గెలవాలని జనం మిగతావారిని అడ్డగించి కొట్టారు. రోడ్ల మీద మేకులు చల్లారు. గారినే మళ్ళీ మొదట వచ్చాడు గాని, ఆ దేశపు సైకిలు సంఘం విచారణ జరిపి నాలుగు నెలల తరువాత మొదటి నలుగురి పేర్లూ కొట్టివేసింది. ఐదవ స్థానంలో ఉన్న ఇరవై ఏళ్ళు నిండని ఆన్రీ కార్నేను విజేతగా ప్రకటించింది. ఆ పందెం గెలిచినవారిలో నేటికీ అందరికంటే చిన్నవాడు అతనే. పందెం పుట్టిన రెండో ఏటనే రిజిస్టరులో కొట్టివేత పడిందన్నమాట.

ఆ తరువాత నిబంధనలు ఎంత కఠినం చేశారో చెప్పడానికి ఒక ఉదాహరణ. 1913లో యూజెన్ క్రిస్టోఫ్ అనే రౌతు పిరనీస్ పర్వతాల్లో తూర్మలే కనుమ దిగుతుండగా సైకిలు ముందు ఫోర్కు విరిగింది. ఎవరి సాయమూ తీసుకోకూడదు, సైకిలు మార్చకూడదు. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, సెంట్ మరీ ద కాంపాన్ అనే పల్లెలో కమ్మరి కొలిమి చేరాడు. తానే నిప్పులో ఇనుము కాల్చి ఫోర్కు అతుక్కున్నాడు. అధికారి ప్రక్కన నిలబడి చూస్తున్నాడు. చేతులు రెండూ పనిలో ఉండటం వల్ల కొలిమితిత్తి ఊదటానికి ఒక పిల్లవాడి సాయం తీసుకున్నాడు. అందుకు పది నిమిషాలు జరిమానా వేశారు! తరువాత దానిని తగ్గించారనుకోండి. 1919లో, మొత్తం కాలంలో ముందున్నవాడిని జనం గుర్తుపట్టడానికి పసుపుపచ్చ చొక్కా వేయించడం మొదలుపెట్టినప్పుడు, మొదటగా తొడుక్కున్నది ఈ క్రిస్టోఫే. లోటో పత్రిక కాగితం రంగే ఆ చొక్కా రంగు. ఆ ఏడు కూడా అతని ఫోర్కు విరిగి గెలుపు చేజారింది. జీవితంలో ఆ పందెం అతను గెలవనే లేదు. అయినా అతని పేరు నేటికీ చెప్పుకుంటారు.

రెండు ప్రపంచయుద్ధాల వల్ల 1915 నుండి 1918 వరకు, మళ్ళీ 1940 నుండి 1946 వరకు పందెం జరగలేదు. పందెం గెలిచిన ఫాబేర్, లాపీజ్, పెటి బ్రెతోన్ ముగ్గురూ మొదటి యుద్ధకాలంలో మరణించారు. ఆ సంవత్సరాల గడులు కూడా ఖాళీయే. కాని పందెమే జరగని ఏటి ఖాళీ వేరు, నేను చెప్పబోయే ఖాళీ వేరు.

మత్తుమందులు, బలం మందులు ఈ పందెంలోకి ఎప్పుడో చొరబడ్డాయి. 1967 జూలై 13న ఇంగ్లండుకు చెందిన టామ్ సింప్సన్ వాంతూ అనే కొండ ఎక్కుతూ, ఎండలో పడిపోయి ప్రాణం విడిచాడు. అతని శరీరంలో ఉత్తేజక మందు బయటపడింది. 1998లో ఒక జట్టు వాహనాన్ని ఫ్రాన్సు సరిహద్దులో కస్టమ్స్‌వారు తనిఖీ చేస్తే దాని నిండా మందులే. ఆ మరుసటి ఏటి నుండి అమెరికాకు చెందిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ వరుసగా ఏడుసార్లు గెలిచాడు. క్యాన్సర్ నుండి కోలుకుని వచ్చినవాడని లోకం నెత్తిన పెట్టుకుంది. 2012లో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ విచారణలో తోటి రౌతులే సాక్ష్యం చెప్పారు. అంతర్జాతీయ సైకిలు సమాఖ్య అక్టోబరులో ఆ ఏడు విజయాలనూ రద్దు చేసింది. 2013 జనవరిలో అతనే టీవీ ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు.

ఇక్కడే అసలు విషయం. 1904లో లాగా క్రింది వానిని పైకి జరపవచ్చు. 2006, 2010 పందేలలో విజేతలను తొలగించినప్పుడు రెండవవాని పేరు వ్రాశారు కూడా. కాని ఈ ఏడు సంవత్సరాలకూ అలా చేయలేదు. ఆ రోజుల్లో అతని వెనుక వచ్చినవారిలో చాలామంది మీద కూడా మందుల మచ్చ ఉంది. ఎవరి పేరు వ్రాసినా అది నిజమని సంతకం పెట్టగలవాడు లేడు. అందుకని గడి ఖాళీగా వదిలివేశారు. 1996 విజేత బియార్నె రీస్ సంగతి ఇంకొక రకం. మందులు వాడానని 2007లో తానే చెప్పాడు, కాని శిక్షకు గడువు దాటిపోయింది. మొదట పేరు తీసివేసి, మరుసటి ఏడు ఒక గుర్తు పెట్టి, విషయం తెలియజేస్తూ మళ్ళీ చేర్చారు. మన భాషలో చెప్పాలంటే, రిమార్కుల కాలమ్‌లో నోట్ వ్రాశారు.

తప్పు పడితే చెరపకూడదు, దిద్దకూడదు, ఒక్క గీత కొట్టి సరైనది ప్రక్కన వ్రాసి అధికారి చేత ఎర్రసిరాతో సంతకం చేయించాలి. మనకు మొదటి రోజే నేర్పిన పాఠం ఇది. నేను దానిని ఎప్పుడూ పాటించానని ఇక్కడ వ్రాయాలని ఉంది. వ్రాయలేను.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చిన తరువాత సహాయ పనుల మీద నన్ను కొంతకాలం పంపారు. అప్పటికి ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. ఒక రోడ్డు పనిలో నాలుగు రోజులు పని జరగలేదు, మస్టరులో ఆ నాలుగు గడులు ఖాళీగా ఉన్నాయి. “ఖాళీ ఉంటే ఆడిట్‌వాళ్ళు అడుగుతారు, నింపెయ్యవయ్యా” అన్నాడు పైఅధికారి. నింపాను. నాకు పైసా ముట్టలేదు, ఎవరూ అడగనూ లేదు. రెండు వారాల తరువాత ఒక ముసలి కూలీ వచ్చి, “బాబూ, నా పేరు మీద నాలుగు రోజులు ఎక్కువ పడ్డాయంట గదా, ఆ డబ్బులు ఎవరు తీసుకున్నారు?” అన్నాడు. వేలిముద్ర ఎవరిదో నాకూ తెలియదు. “ఆఫీసులో అడుగు” అన్నాను. అక్కడ ఆఫీసు అంటే నేనే.

ఆ పందెం జాబితాలో ఏడు ఖాళీ గడులు చూసినప్పుడు నాకు ఆ నాలుగు గడులు గుర్తుకు వచ్చాయి. ఎంతో గొప్ప పందెం, కోట్లమంది చూసే పందెం, ‘ఈ ఏడేళ్ళు ఎవరు గెలిచారో మేము చెప్పలేము’ అని లోకానికి కనబడేలా ఒప్పుకుంది. దాని పరువేమీ పోలేదు. ఏటా జనం రోడ్ల ప్రక్కన నిలబడి చూస్తూనే ఉన్నారు. ఖాళీ ఉన్నందువల్లనే మిగతా పేర్లను నమ్మబుద్ధి అవుతుంది.

ఈ సంచికలో మనమందరం మన సర్వీసు అనుభవాలు వ్రాస్తున్నాం. మనం చేసిన మంచి పనులు వ్రాద్దాం, తప్పులేదు. నిండని గడులు కూడా ఉంటే వాటిని నింపకుండా అలాగే ఉంచుదామని నా మనవి. నా వరకు ఆ నాలుగు రోజులకూ ఈ వ్యాసం ద్వారా ఒక గీత కొడుతున్నాను. ప్రక్కన సంతకం పెట్టవలసిన ఆ ముసలాయన మాత్రం ఇప్పుడు ఉండే అవకాశం లేదు.