తుపాకీ మొరాయిస్తే తప్పెవరిది?

ట్రిగ్గర్ నొక్కితే ‘టక్’మని ఊరుకునే రైఫిల్ మూగది కాదు. చూడడం తెలిసినవాడికి తన రోగం తానే చెప్పుకుంటుంది. గొట్టం లక్ష్యం వైపే ఉంచి, తూటా ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంది కనుక అర నిమిషం ఆగి, ఆ తర్వాత తూటాను బయటికి తీసి దాని అడుగున ఉన్న ప్రైమర్‌ను చూస్తారు. ఫైరింగ్ పిన్ పొడిచిన గుంట లోతుగా ఉండీ పేలలేదంటే తూటాదే లోపం. గుంట చిన్నగా, మొక్కుబడిగా ఉంటే హ్యామర్ స్ప్రింగ్ అయినా అలిసిపోయి ఉండాలి, బోల్ట్ అయినా పూర్తిగా మూసుకోకుండా ఉండాలి. అసలు ఛాంబర్లో తూటాయే లేకపోతే, వెనక్కి వెళ్లిన బోల్ట్ మరో తూటాను అందుకునేంత దూరం పోలేదన్నమాట. అది గ్యాస్ చాలకపోవడం వల్ల కావచ్చు, మ్యాగజైన్ వల్ల కావచ్చు.

ఈ మాత్రం తెలివి రావడానికి సైన్యాలకు ఎనభై ఏళ్లు పట్టింది. చేత్తో బోల్ట్ లాగే పాత రైఫిల్లో తూటా కాస్త ఇరుక్కున్నా సైనికుడు మోచేతి బలంతో లాగి పారేసేవాడు. సెమీ ఆటోమేటిక్‌లో ఆ పని పేలిన తూటా తన శక్తితోనే చేసుకోవాలి. ఖాళీ గుల్లను బయటికి విసరడం, హ్యామర్‌ను ఎక్కుపెట్టడం, కొత్త తూటాను లోపలికి తోయడం, అన్నీ రెప్పపాటులో జరగాలి. అంటే తూటా ఇక్కడ సరుకు మాత్రమే కాదు, యంత్రంలో ఒక భాగం. ఈ సంగతిని పట్టించుకోని ప్రతిసారీ తుపాకీ ఆగింది, నింద మాత్రం దాన్ని పట్టుకున్నవాడి మీద పడింది.

ఆస్ట్రియాకు చెందిన మాన్లిషర్ 1885లోనే తనంతట తాను తూటా నింపుకునే రైఫిల్ చేశాడు. అది నిలవలేదు. అప్పటి నల్లమందు కాలితే సగానికి పైగా మసిగానే మిగులుతుంది. కదిలే భాగాల మధ్య ఆ మసి చేరితే ఏ యంత్రమైనా పట్టేస్తుంది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెల్ కనిపెట్టిన పొగరాని మందు వాడుకలోకి వచ్చాకే ఈ ఆలోచనకు ప్రాణం వచ్చింది. మెక్సికో సైనికాధికారి మాన్యువల్ మోండ్రాగాన్ రూపొందించిన రైఫిల్‌ను స్విట్జర్లాండ్‌లో తయారుచేయించి 1908లో మెక్సికో సైన్యానికి తీసుకున్నారు. మిగిలిన వాటిని మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ కొంది. కందకాల బురదకు అవి తట్టుకోలేదు. గాలిలో బురద ఉండదు కదా, విమానాల్లో వెళ్లేవారి చేతికిచ్చారు.

ఆ తర్వాతి తరం ఇంజనీర్లను ఒక భయం పట్టుకుంది. గొట్టానికి బెజ్జం పెట్టి గ్యాస్ తీసుకుంటే గొట్టం చెడుతుందేమోనని. అందుకని మూతి దగ్గర ఒక టోపీ లాంటిది అమర్చి, గుండు బయటికి పోయేటప్పుడు వచ్చే గ్యాస్‌ను అక్కడే పట్టే పద్ధతి ఎంచుకున్నారు. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో జాన్ గారండ్ రూపొందించగా 1936లో సైన్యం తీసుకున్న ఎం1 రైఫిల్ మొదట ఇలాంటిదే. జర్మనీ 1941 నమూనా రైఫిల్ కూడా అంతే. అక్కడైతే గొట్టానికి బెజ్జం ఉండకూడదని సైన్యమే షరతు పెట్టింది. ఫలితం రెండు చోట్లా ఒకటే: మూతి దగ్గర మసి పేరుకుపోవడం, శుభ్రం చేయడం తలనొప్పి కావడం. గారండ్ త్వరలోనే గొట్టానికి బెజ్జం పెట్టే పద్ధతికి మారాడు. జర్మన్లకు మాత్రం తూర్పు రణరంగంలో సోవియట్ ఎస్‌వీటీ రైఫిళ్లు చేతికి చిక్కాకే కళ్లు తెరుచుకున్నాయి. 1943 నమూనాలో ఆ గ్యాస్ పిస్టన్ పద్ధతినే పెట్టుకున్నారు. ఎస్‌వీటీలో గ్యాస్ ఎక్కువ తక్కువలు సర్దుకోవడానికి రెగ్యులేటర్ కూడా ఉండేది. హడావిడిగా శిక్షణ పొంది వచ్చిన సైనికుడికి దాన్ని ఎంతకు తిప్పాలో నేర్పే తీరిక ఎవరికుంది?

గారండ్ రైఫిల్ కథలో నాకు బాగా నచ్చేది ఏడో తూటా వ్యవహారం. ఆ రైఫిల్లోకి ఎనిమిది తూటాలు ఒకే క్లిప్పుగా పోతాయి. భారీ ఉత్పత్తి మొదలయ్యాక చాలా రైఫిళ్లు సరిగ్గా ఏడో తూటా దగ్గరే ఆగడం మొదలుపెట్టాయి. మొదటి ఆరూ బాగానే పేలతాయి, ఏడోది తిరగబడుతుంది. ఎవరికైనా ముందు స్ప్రింగ్ మీద, తర్వాత క్లిప్పు మీద అనుమానం వస్తుంది. అయితే అంతకుముందు నమూనా విభాగంలో చేసిన రైఫిళ్లకు ఈ రోగం లేదు. అవే స్ప్రింగులు, అవే క్లిప్పులు. చివరికి తేలిందేమిటంటే, భారీ ఉత్పత్తికి కొత్త యంత్రాలు బిగించినప్పుడు, రిసీవర్ లోపల క్లిప్పుకు దన్నుగా ఉండాల్సిన సన్నని గట్టు అనవసరంగా చెక్కుడు పడిపోతోంది. క్లిప్పు నిండుగా ఉన్నంతసేపూ తూటాలే ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. చివర్లో మిగిలిన ఒకటి రెండు మాత్రం దన్ను లేక పక్కకు ఒరిగాయి. రోగం కనిపించింది తూటా దగ్గర, పుట్టింది కర్మాగారంలో కట్టర్ దగ్గర. మందుపాతరల శబ్దాల మధ్య ఉన్న సైనికుడు ఎంత తుడిచినా, ఎంత నూనె రాసినా అది కుదిరేది కాదు.

అదే రైఫిల్ వానలో నానితే బోల్ట్ కదిలే చోట నూనె కొట్టుకుపోయి పట్టేసేది. దానికి నీటికి చెదరని గ్రీజు వెతికి, దాన్ని చిన్న డబ్బాల్లో సైనికులకు ఇచ్చారు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. బోల్ట్ పూర్తిగా తిరిగి తాళం పడితే తప్ప ఫైరింగ్ పిన్ ముందుకు పోదు. తాళం సగమే పడితే హ్యామర్ దెబ్బ బోల్ట్‌ను మూయడానికే ఖర్చయిపోతుంది, ప్రైమర్ మీద చిన్న గీరు మాత్రం మిగులుతుంది. స్ప్రింగ్ మార్చేసి, పని అయిపోయిందనుకునే ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసేవాడు) ఇక్కడే బోల్తా పడతాడు. అసలు మురికి ఛాంబర్లో ఉంటుంది.

తూటానూ తుపాకీనీ కలిపి ఆలోచించిన సందర్భాలు లేకపోలేదు. ఆనాటి ప్రైమర్లలో వాడే క్లోరేట్ కాలాక ఉప్పు మిగిల్చేది. ఆ ఉప్పు తేమను లాగి ఇనుమును తుప్పు పట్టించేది. 1941లో వచ్చిన అమెరికన్ ఎం1 కార్బైన్‌లో గ్యాస్ పిస్టన్‌ను సైనికుడు విప్పే వీలులేదు. అందుకని దాని తూటాలకు మొదటి నుంచీ తుప్పు తేని ప్రైమర్లే వాడారు. విప్పలేని చోట మురికి చేరకుండా ముందే చూసుకున్నారు.

పాతికేళ్లకు అదే సైన్యం ఈ పాఠం మరిచిపోయింది. యూజీన్ స్టోనర్ రూపకల్పన నుంచి వచ్చిన ఎం16 ఆటోమేటిక్‌గా కూడా కాలుస్తుంది. కానీ ఒక్కో గుండు కాల్చినా లోపలి పని ఒకటే. వేడి గ్యాస్‌ను సన్నని గొట్టం ద్వారా నేరుగా బోల్ట్ దగ్గరికే పంపే పద్ధతి అది. ఆ రైఫిల్ ఒక రకం మందుతో పరీక్షలు నెగ్గింది. 1964 నుంచి తూటాల్లో మరో రకం, గుండ్రని రేణువుల మందు నింపారు. దాంతో బోల్ట్ వేగం పెరిగింది, మసి పెరిగింది. ఛాంబర్‌కు క్రోమ్ పూత లేదు. ఈ రైఫిల్‌కు పెద్దగా శుభ్రం అక్కర్లేదన్న మాట ఎలాగో పాకింది. తుడిచే సామగ్రి చాలామందికి చేరనే లేదు.

వియత్నాం తేమలో ఛాంబర్ గోడలకు తుప్పు గుంటలు పడ్డాయి. పేలిన గుల్ల ఇంకా ఒత్తిడితో గోడలకు అంటుకుని ఉండగానే బోల్ట్ తొందరపడి వెనక్కి లాగేది. అంచు తెగిపోయి గుల్ల లోపలే ఉండిపోయేది. దాని వెనక మరో తూటా వచ్చి గుద్దుకునేది. అప్పుడు సైనికుడికి ఉన్న దారి ఒక్కటే: తుడిచే కడ్డీని మూతి నుంచి దూర్చి గుల్లను వెనక్కి పొడవడం. 1967 వసంతంలో ఖే సాన్ కొండల పోరాటంలో కడ్డీ చేతికి అందనివారి గతి ఏమై ఉంటుందో చెప్పనక్కర్లేదు.

మందు మార్చినవారి కంటే, సరిగా తుడవడం లేదంటూ సైనికుల మీదే ముందు వేలు చూపారు. 1967లో ఇకార్డ్ నాయకత్వంలోని అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం తవ్వితే ఒక విషయం బయటపడింది. కొత్త మందుతో రైఫిళ్లు నిర్ణీత కాల్పుల వేగం పరీక్ష నెగ్గకపోతుంటే, కర్మాగారంలో పాత మందుతో పరీక్షించుకోవడానికి తయారీదారుకు అనుమతి ఇచ్చారు. అదే రైఫిల్‌తో యుద్ధానికి వెళ్లినవాడి చేతికి మాత్రం కొత్త మందు తూటాలు ఇచ్చారు. పరీక్ష పేపరు ఒకటి, జీవితం మరొకటి. ఉపసంఘం నివేదిక సైన్యాన్ని కఠినంగానే తప్పుపట్టింది. బోల్ట్ వేగం తగ్గించే బరువైన బఫర్ పెట్టారు, ఛాంబర్‌కు క్రోమ్ వేశారు, శుభ్రం చేసే సామగ్రి పంచారు. 1968లో బొమ్మల కథల దిగ్గజం విల్ ఐస్నర్ చేత 32 పేజీల రంగుల పుస్తకం గీయించి, రైఫిల్ ఎలా విప్పాలో, ఎక్కడ తుడవాలో సైనికులకు చెప్పించారు. సైనిక నిబంధనల పుస్తకాలు ఎప్పుడు ఎవరు చదివారు గనక!

మన దేశానికి ఈ రకం ఆయుధం పెద్ద ఎత్తున వచ్చింది 1962 చైనా యుద్ధం తర్వాత. అప్పటిదాకా జవాన్ల చేతిలో ఉన్నది చేత్తో బోల్ట్ లాగే .303. దాని స్థానంలో వచ్చింది బెల్జియం ఎఫ్ఏఎల్ ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైన 7.62 సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. ఎదురుకాల్పుల వార్తల్లో పత్రికలు దశాబ్దాలుగా రాస్తున్న ‘ఎస్‌ఎల్‌ఆర్’ అదే. తెలుగు నేల మీద పోలీసుల చేతుల్లోనూ, వాళ్ల నుంచి లాక్కున్న నక్సలైట్ల చేతుల్లోనూ తిరిగింది. మొరాయింపు సంగతిలో దీని తెలివి గ్యాస్ రెగ్యులేటర్లో ఉంది. అవసరానికి మించిన గ్యాస్ ఒక కంతలోంచి బయటికి పోతుంది. మసి పేరుకుని బోల్ట్ సోమరిగా కదులుతుంటే రెగ్యులేటర్ తిప్పి ఆ కంత మూస్తే చాలు, పిస్టన్‌కు బలం పెరుగుతుంది. డ్రిల్ కూడా తేలిక. రైఫిల్ ఆగితే బోల్ట్ లాగు, లోపలికి చూడు. గుల్ల ఇరుక్కుందా, మ్యాగజైన్ ఖాళీయా, ఏదీ కాకుండా మళ్లీ మళ్లీ ఆగుతోందా? అయితే గ్యాస్ పెంచు. ఎస్‌వీటీ రెగ్యులేటర్‌తో కుస్తీ పట్టిన సోవియట్ సైనికుడికి దొరకనిది ఇదే, ఎప్పుడు తిప్పాలో చెప్పే స్పష్టమైన వరస.

తర్వాత వచ్చిన 5.56 ఇన్సాస్‌కు అంత మంచి పేరు దక్కలేదు. 1999 కార్గిల్ చలిలో దాని ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయన్న ఫిర్యాదులు వచ్చాయి. మ్యాగజైన్ పగిలితే తూటా సరైన కోణంలో పైకి రాదు, బోల్ట్ ఎంత బాగా పనిచేసినా లాభం లేదు. 2005 ఆగస్టులో కాలికోట్‌లో మావోయిస్టులతో జరిగిన పోరులో 43 మంది సైనికులను కోల్పోయిన నేపాల్ సైన్యం, ఇన్సాస్ నాసిరకమనీ తరచూ మొరాయిస్తోందనీ బహిరంగంగానే అంది. వాడకం తెలియకపోవడమే కారణమని భారత రాయబార కార్యాలయం జవాబిచ్చి, శిక్షణ ఇస్తామంది. మొత్తానికి 2019లో భారత సైన్యం అమెరికా నుంచి 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఆర్డరిచ్చింది. వాటి తూటా పాత ఎస్‌ఎల్‌ఆర్‌దే, 7.62×51. సర్దుకునే గ్యాస్ వాల్వ్ కూడా వాటికి ఉంది.