ఆళ్లగడ్డ శిల్పశాలలు: టికెట్ లేని ప్రదర్శన, ఏదీ మిగలని గ్యాలరీ

ఆళ్లగడ్డ నంద్యాల జిల్లాలో 40వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న పట్టణం. నంద్యాల నుంచి కడప వైపు వెళ్తుంటే సుమారు 40 కిలోమీటర్ల దూరం. అహోబిలం వెళ్లే భక్తులు ఇక్కడే మలుపు తిరుగుతారు. బస్సు కిటికీలోంచి చూసినా సరే, రోడ్డు పక్కన వరసగా నిలబెట్టిన నందులు, ద్వారపాలకులు, సాయిబాబాలు, అంబేద్కర్లు, సగం చెక్కి వదిలేసిన ఆంజనేయులు కనబడతాయి. ఇవే ఆళ్లగడ్డ శిల్పశాలలు. ఇక్కడి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ కూడా ఉంది.

బొమ్మల్ని చూడ్డానికి జనం మామూలుగా మ్యూజియానికి వెళ్తారు. ఆళ్లగడ్డలో మాత్రం బొమ్మ తయారవుతుండగానే చూడొచ్చు. అడ్డం చెప్పేవాళ్లు ఉండరు, టికెట్ ఉండదు. అయితే ఈరోజు చూసిన విగ్రహం వచ్చే నెలకు అక్కడ ఉండదు. శిల్పశాలలో కనిపించేవాటిలో ఎక్కువ భాగం ఎవరో ఒకరు అడ్వాన్సు ఇచ్చి చేయించుకుంటున్నవే. పని పూర్తయిన రోజు గడ్డి, గోనెపట్టలు చుట్టి లారీ ఎక్కిస్తారు. పక్క ఊరి రామాలయానికి వెళ్లేవి కొన్ని, పక్క రాష్ట్రాలకు వెళ్లేవి కొన్ని, అమెరికాలో తెలుగువాళ్లు కట్టుకున్న గుళ్ల దాకా వెళ్లేవి మరికొన్ని.

శిల్పశాలలో ఒక రోజు

పని పొద్దున్నే మొదలవుతుంది. మే నెలలో నంద్యాల వైపు ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం రాయి ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అందుకే బరువు పనులన్నీ ఎండ ముదరక ముందే కానిచ్చేస్తారు.

ముందు రాయిని చూస్తారు. సుత్తితో తట్టి వింటారు. గంటలా ఖంగుమంటే రాయి గట్టిది, ఏకశిల. మోత బొంగురుగా వస్తే లోపల ఎక్కడో చీలిక ఉందని అర్థం. శిల్పశాస్త్రం రాళ్లను పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని మూడు రకాలుగా చెబుతుంది. ఆ లెక్క ప్రకారం దేవుడికి ఒకటి, దేవికి ఒకటి, పీఠానికి ఒకటి వాడాలి. పూజకు పెట్టే మూలమూర్తికి నల్లరాయి కావాలని ఎక్కువమంది అడుగుతారు. కృష్ణశిల అన్నా అదే. నూనె రాసేకొద్దీ ఆ నలుపు ఇంకా తేలుతుంది.

తర్వాత కొలతలు. దీన్ని తాళమానం అంటారు. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం దాకా ముఖం ఎంత పొడవుంటే అది ఒక తాళం. ఏ దేవతకు ఎన్ని తాళాలు, చేతిలో ఏ ఆయుధం, నిలబడాలా కూర్చోవాలా అన్నవి ముందే రాసిపెట్టి ఉన్నాయి. ఆ ధ్యాన శ్లోకాలు నోటికి వచ్చిన శిల్పి పుస్తకం చూడడు. ఎర్రరంగుతో రాయి మీద నిలువు గీత గీసి, అడ్డగీతలతో భాగాలు చేసి, చుట్టుకొలత పెట్టుకుంటాడు.

ఒకప్పుడు పెచ్చులు లేపడం నుంచి నునుపు చేసేదాకా అంతా ఉలి, సుత్తితోనే జరిగేది. ఉలి మొన అరిగినప్పుడల్లా కొలిమిలో కాల్చి సాగగొట్టుకునేవాళ్లు. ఇప్పుడు మోటు పని కరెంటు కట్టర్‌తో అయిపోతోంది. నెలలు పట్టేది వారాలకు వచ్చింది. అయినా ముఖం దగ్గరికి వచ్చేసరికి కట్టర్ పక్కకు పోతుంది. ముక్కు, పెదవి, కనురెప్ప చిన్న ఉలితోనే చెక్కుతారు, అదీ షెడ్డులో పెద్దవాడి చేత్తోనే. కుర్రాళ్లకు ముందు పీఠాలు, పానవట్టాలు, నాగప్రతిమలు ఇస్తారు. ముఖం దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. కళ్లు తెరిపించడం మాత్రం గుళ్లో ప్రతిష్ఠ వేళ, నేత్రోన్మీలనం పేరుతో జరుగుతుంది.

కట్టర్ తెచ్చిన సుఖంతో పాటు దుమ్మూ వచ్చింది. ఉలి దెబ్బకు పెచ్చులు రాలతాయి, కట్టర్‌కు మాత్రం పొడి లేస్తుంది. గ్రానైట్ లాంటి రాళ్ల పొడిలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో పేరుకుపోతే వచ్చే జబ్బు సిలికోసిస్. వచ్చాక తగ్గించే మందు లేదు, రాకుండా చూసుకోవడమే. నీళ్లు పోస్తూ కోస్తే పొడి చాలావరకు అణుగుతుంది, మంచి రకం మాస్కు తప్పనిసరి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలనుకోవడం పొరపాటు. కంటికి కనబడనంత సన్నని పొడి గుడ్డలోంచి దూరిపోతుంది. ఈ కళ గురించి గొప్పగా రాసే వ్యాసాల్లో ఈ ముక్క చాలాసార్లు కనబడదు.

విరిగిన బొమ్మ ఎక్కడికి పోతుంది

గుడికీ మ్యూజియానికీ ఒక పెద్ద తేడా ఉంది. భిన్నమైన విగ్రహం, అంటే వేలు విరిగినా ముక్కు పోయినా, పూజకు పనికిరాదు. నదిలోనో చెరువులోనో వదిలేస్తారు, లేదంటే చెట్టు కింద పెడతారు. మ్యూజియానికి వెళ్తే అక్కడ ఉండేవాటిలో సగం అలాంటివే. తల లేని బుద్ధుడు, చెయ్యి లేని విష్ణువు. గుడి వద్దన్నదాన్ని మ్యూజియం దాచిపెట్టింది కాబట్టే వెయ్యేళ్ల నాటి పనితనం ఈరోజు కంటికి కనబడుతోంది.

శిల్పశాలలోనూ పని మధ్యలో రాయి పగలడం ఉంటుంది. పగిలింది వెనక దొడ్లోకి పోతుంది, లేదా అందులోంచే చిన్న వినాయకుడు తయారవుతాడు. బాగా వచ్చింది లారీ ఎక్కుతుంది. అందుకే 50 ఏళ్ల కిందటి ఆళ్లగడ్డ పనికీ ఇప్పటి పనికీ తేడా చూడాలంటే ఊళ్లు తిరగాలి, గర్భగుడుల్లో అలంకారాల వెనక వెతకాలి. పైగా విగ్రహం మీద శిల్పి పేరు ఉండదు. దాత పేరు చలవరాతి ఫలకం మీద పెద్దక్షరాలతో ఉంటుంది.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెకా ముందు జనం ఎప్పుడూ గుంపుగా ఉంటారు. దాన్ని చెక్కింది ఇటలీ శిల్పి బెంజోనీ అనీ, 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్నారనీ అందరికీ తెలుసు. ఎక్కడో రోమ్‌లో చెక్కిన బొమ్మకు ఊరూ పేరూ ఉన్నాయి. ఆళ్లగడ్డలో చెక్కిన బొమ్మకు ఊరి పేరు మాత్రమే, అదీ జీఐ వచ్చాకే గట్టిగా వినిపిస్తోంది.

ఆ జీఐ గురించీ ఒక మాట. 1999లో చేసిన చట్టం ప్రకారం చెన్నైలోని రిజిస్ట్రీ ఈ గుర్తింపు ఇస్తుంది. పదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. వేరే ఊళ్లో చేసినదాన్ని ఆళ్లగడ్డ శిల్పం అని అమ్మితే అడ్డుకునే హక్కు దీనితో వస్తుంది. కానీ ఊరికి ట్యాగ్ వచ్చినంత మాత్రాన ప్రతి శిల్పికీ వచ్చినట్టు కాదు. అధీకృత వినియోగదారుగా ఎవరికి వారు పేరు నమోదు చేయించుకోవాలి. అది చెయ్యకపోతే ట్యాగ్ పేపర్లోనే ఉంటుంది.

జిల్లా రాళ్లు వేరే చోట

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాకు శిల్పాలు కొత్త కాదు. శ్రీశైలం గుడి ప్రాకారం బయటి గోడ చుట్టూ నడిస్తే వేటలు, ఏనుగులు, గుర్రాలు, శివుడి కథలు వరసలు వరసలుగా చెక్కి ఉంటాయి. చాలామంది దర్శనం క్యూలో నిలబడి, ప్రసాదం తీసుకుని, ఆ గోడ చూడకుండానే బస్సెక్కేస్తారు. యాగంటి బసవన్న పెరుగుతున్నాడని జనం నమ్మకం. బనగానపల్లెను 1948 దాకా నవాబులు ఏలారు. వాళ్ల బంగళాను ఇప్పుడు చూడ్డానికి వచ్చేవాళ్లు అరుంధతి బంగ్లా ఏదని అడుగుతారు. సినిమా తీయకపోతే ఆ మాత్రం కూడా అడిగేవాళ్లు కాదేమో.

రాయిని దాచుకోవడం అంటే ఏమిటో ఈ ప్రాంతానికి శ్రీశైలం ప్రాజెక్టు నేర్పింది. కృష్ణ, తుంగభద్ర ఒడ్డున ఉన్న పాత గుళ్లు మునిగిపోతాయని తెలిసి, కొన్నింటిని రాయి రాయిగా విప్పి వేరే చోట మళ్లీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది. సంగమేశ్వరం దగ్గరి రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు పక్కన జగన్నాథ గట్టు ఎక్కింది. వేపలింగం ఉన్న సంగమేశ్వరాలయం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఏటా నీళ్లలో మునుగుతుంది, వేసవిలో నీటిమట్టం తగ్గాక బయటపడుతుంది. అప్పుడు జనం బురదలో నడిచి వెళ్లి దణ్ణం పెట్టుకుంటారు.

ఇలా ఈ నేల శిల్పాన్ని తీరిగ్గా చూడాలనుకున్న నంద్యాల విద్యార్థి కర్నూలులోని పురావస్తు మ్యూజియానికో, తుంగభద్ర దాటి తెలంగాణలో ఉన్న అలంపురం మ్యూజియానికో వెళ్లాలి. అలంపురంలో 7, 8 శతాబ్దాల చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలూ పక్కనే ఉన్నాయి, ఒక్కరోజులో రెండూ చూడొచ్చు. ఆళ్లగడ్డ పనిని అక్కడి పాత పనితో పోల్చి చూపించడానికి గది, గదిలో నాలుగు పీఠాలు, పీఠం మీద శిల్పి పేరుతో ఒక చీటీ ఉంటే చాలు. ఏడాదికి ఒక మంచి విగ్రహాన్ని ఊరి కోసం కొని పక్కన పెట్టినా పదేళ్లకు పది అవుతాయి.

చూడాలనుకునేవాళ్లకు

నంద్యాల, కడప రెండు వైపుల నుంచీ ఆళ్లగడ్డకు ఆర్టీసీ బస్సులు ఉన్నాయి. అహోబిలం వెళ్లేవాళ్లు ఒక గంట ముందు దిగితే సరిపోతుంది. పొద్దున పూట అయితే పని జరుగుతూ కనబడుతుంది. కట్టర్ నడుస్తుంటే దగ్గరగా నిలబడకూడదు, పిల్లలతో వెళ్తే మరీ జాగ్రత్త. ఫోటో తీసే ముందు అడగాలి, ముఖ్యంగా ఇంకా కళ్లు తెరవని మూలమూర్తికి. విగ్రహం చేయించుకోవాలంటే రాయి రకం, ఎత్తు పీఠంతో కలిపా విడిగానా, రవాణా ఎవరిది, దారిలో విరిగితే ఎవరు భరించాలి అన్నవి కాగితం మీద రాయించుకోవడం మంచిది. శిల్పి పేరు పీఠం వెనకైనా చెక్కమని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అడిగేవాళ్లే లేరు.