ఇల్లు, తోట కొనేవారు బయానా ఇవ్వకముందే లాయరును ఎందుకు కలవాలి?

ఉద్దానంలో ఇల్లు గానీ, జీడితోట గానీ, కొబ్బరితోట గానీ కొనాలంటే మనవాళ్లు ముందు వెళ్లేది మధ్యవర్తి దగ్గరకు, ఆ తర్వాత దస్తావేజు లేఖరి దగ్గరకు. లాయరు గుర్తొచ్చేది గొడవ కోర్టుకెక్కిన తర్వాతే. ఈ వరుస మారాలి. ముంబయిలోనో, గల్ఫ్‌లోనో పదేళ్లు కష్టపడి పంపిన డబ్బుతో కొనే ఆస్తి కాగితాలను ఒక్క పూట లాయరుకు చూపించడానికి వెనకాడవద్దు. అదీ బయానా చేతులు మారకముందే.

రిజిస్ట్రేషన్ అయితే హక్కు వచ్చినట్టేనా?

కాదు. చాలామంది రైతులకు ఉన్న పెద్ద అపోహ ఇదే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ చూసేది ప్రధానంగా మనుషుల గుర్తింపు, స్టాంపు డ్యూటీ, ఆస్తి వివరాలు, ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా లేదా అన్నవి. అమ్మేవారికి నిజంగా ఆ ఆస్తిపై పూర్తి హక్కు ఉందా అని ఆయన విచారణ చేయరు. ఇంగ్లండులో భూమి రిజిస్టరులో పేరు ఎక్కితే ఆ హక్కుకు ప్రభుత్వమే హామీ ఇస్తుంది; అయినా అక్కడ కొనేవారు, అమ్మేవారు విడివిడిగా సొలిసిటర్లను పెట్టుకుంటారు. మన రాష్ట్రంలో అలాంటి హామీ తెస్తామంటూ చేసిన భూ హక్కుల చట్టాన్ని 2024లో రద్దు చేశారు. కాబట్టి హక్కు సరిగ్గా ఉందో లేదో చూసుకునే బాధ్యత పూర్తిగా కొనేవారిదే.

దస్తావేజు లేఖరి పని దస్తావేజు రాయడం. అనుభవం ఉన్నవారు ఆ పని బాగా చేస్తారు, తీసిపారేయనవసరం లేదు. కానీ మీరిచ్చిన వివరాలనే వారు రాస్తారు. ఆ వివరాలు నిజమో కాదో తేల్చి రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పాల్సింది లాయరు. బ్యాంకులు ఇంటి అప్పు ఇచ్చేముందు తమ లాయరుతో లీగల్ ఒపీనియన్ తీసుకునేది కూడా ఇందుకే. ఆ ఒపీనియన్ మాత్రం బ్యాంకు కోసం తీసుకున్నది. మీ కోసం మీరు వేరే చూపించుకోవాలి.

ఆడపిల్లల వాటా

మన ప్రాంతంలో ఎక్కువ దావాలు ఇక్కడే పుడతాయి. ఒక ఉదాహరణ చూడండి. తండ్రి తన సంపాదనతో కొన్న రెండెకరాల కొబ్బరితోట ఉంది. ఆయన వీలునామా రాయకుండా చనిపోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, బరంపురం ఇచ్చిన కూతురు ఉన్నారు. ఊరి పెద్దమనుషుల సమక్షంలో కొడుకులిద్దరూ చెరో ఎకరా పంచుకున్నారు, 1-బిలో వారి పేర్లే ఎక్కాయి. మీరు ఇద్దరి దగ్గరా కొన్నారు, తల్లి కూడా సంతకం పెట్టింది. అయినా మీకు దక్కేది ఎకరన్నర హక్కే. హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ సమాన వాటా. కూతురి 50 సెంట్లు ఆమె సంతకం లేకుండా మీకు రావు.

పిత్రార్జితంలో కూడా 2005 సవరణతో కూతురు పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కుదారు. 2005 నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. "పెళ్లప్పుడు కట్నం ఇచ్చేశాం" అన్నది ఇక్కడ పనికిరాదు. నోటిమాట పంపకాలను కోర్టులు అంత తేలిగ్గా ఒప్పుకోవు. అందుకే లాయరు ముందుగా తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడుగుతారు. అందులో ఉన్న ప్రతి ఒక్కరి సంతకమైనా ఉండాలి, లేదా వారు హక్కు వదులుకున్న రిజిస్టరు పత్రమైనా ఉండాలి.

వారసుల్లో ఒకరు విదేశంలో ఉంటే పవర్ ఆఫ్ అటార్నీ పంపుతారు. దాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయంలో గానీ, నోటరీ ఎదుట గానీ చేయించాలి. మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి డబ్బు ఇవ్వవద్దు. ఇంకొకటి: సేల్ డీడ్ లేకుండా కేవలం జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుని "కొన్నాం" అనుకుంటే కుదరదు. దానితో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

డి-పట్టా జీడితోటలు

కొండవాలుల్లో, మెట్ట భూముల్లో ఉన్న జీడితోటల్లో డి-పట్టా భూములు కలిసి ఉంటాయి. 1977 చట్టం ప్రకారం ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అమ్మకం చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. 20 ఏళ్లు దాటిన అసలు పట్టాదారులకు అమ్ముకునే హక్కు ఇస్తూ 2023లో చట్టాన్ని సవరించారు. 2024లో ప్రభుత్వం మారిన తర్వాత అవకతవకల ఆరోపణలతో ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపారు. "ఫ్రీహోల్డ్ అయిపోయింది" అని మధ్యవర్తి చెప్పాడని బయానా ఇవ్వకండి. ఆ సర్వే నంబరు ఈ రోజు ఏ స్థితిలో ఉందో లాయరుతో రాతపూర్వకంగా తీసుకోండి. 1954 జూన్‌కు ముందు అమ్మకూడదన్న షరతు లేకుండా ఇచ్చిన పట్టాల లెక్క వేరు. అది పాత రికార్డులు చూస్తేనే తేలుతుంది.

పాత రికార్డులంటే అడంగల్, 1-బి మాత్రమే కాదు. టెక్కలి, మందస ప్రాంతాల్లో ఒకప్పుడు జమీందారీలు ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్‌మెంట్ జరిగింది. అలాంటి గ్రామాల్లో సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడకుండా ఇచ్చే ఒపీనియన్ సగం ఒపీనియనే. రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబరుకు, కొత్త ఎల్పీఎం నంబరుకు విస్తీర్ణం సరిపోతోందా అన్నదీ చూడాలి. దస్తావేజులో ఎకరా, ఎల్పీఎంలో 92 సెంట్లు ఉంటే ఆ ఎనిమిది సెంట్ల సంగతి ముందే తేల్చుకోవాలి.

ఈసీ 1983 నుంచి కంప్యూటరులో దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వెతికించాలి. ఈసీలో ఏమీ లేకపోతే ఆస్తి స్వచ్ఛమనుకోవద్దు. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, వీలునామాలు, నడుస్తున్న కోర్టు కేసులు అందులో కనిపించవు. మూలపేట పోర్టు చుట్టుపక్కల కొనేవారు భూసేకరణ నోటిఫికేషన్ వచ్చిందేమో కూడా చూసుకోవాలి. ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడ్డాక ఆ భూమిపై లావాదేవీలు చేయకూడదు. తీరం వెంబడి ఇల్లు కట్టే ఉద్దేశంతో స్థలం కొంటే సీఆర్‌జెడ్ నిబంధనలు అడగండి. గ్రామకంఠం ఇళ్లకు అడంగల్ ఉండదు. ఇంటి పన్ను రసీదులు, పాత దస్తావేజులు, స్వాధీనం, హద్దుదారుల మాట కలిపి చూడాల్సిందే.

ఏ లాయరును పెట్టుకోవాలి?

పలాస, టెక్కలి, సోంపేట కోర్టుల్లో సివిల్ కేసులు, ముఖ్యంగా భూమి దావాలు చేసేవారిని ఎంచుకోండి. క్రిమినల్ కేసుల్లో పేరున్నవారు ఈ పనికి సరిపోవాలని లేదు. అమ్మేవారి లాయరును గానీ, మధ్యవర్తి చూపించిన లాయరును గానీ పెట్టుకోకండి. అమ్మకం జరిగితేనే కమీషన్ వచ్చే మనిషి వద్దని చెప్పే అవకాశం తక్కువ. ఫీజు ఆస్తి విలువలో శాతంగా కాకుండా, పనికి ఇంత అని ముందే మాట్లాడుకుని రసీదు తీసుకోండి. "బాగానే ఉంది, కొనుక్కోండి" అన్న నోటిమాట చాలదు. చూసిన కాగితాల జాబితా, కనిపించిన లోపాలు, అవి సరిచేసే మార్గం కాగితం మీద ఉండాలి.

ఫీజు భారం అనిపిస్తే మండల న్యాయ సేవా కమిటీని కలవండి. 1987 చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సలహా అందుతుంది.

బయానా, చెల్లింపులు

అగ్రిమెంటులో గడువు, మిగతా సొమ్ము, హక్కులో లోపం తేలితే బయానా తిరిగి ఇవ్వాలన్న షరతు రాయించండి. అగ్రిమెంటు పెట్టి రిజిస్ట్రేషన్ చేయకపోతే దావాకు సాధారణంగా మూడేళ్లే గడువు. రూ.20 వేలు, ఆపైన బయానా నగదుగా తీసుకుంటే అమ్మేవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. కాబట్టి బ్యాంకు ద్వారానే ఇవ్వండి. రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి 7.5 శాతం వరకు అవుతుంది. దాన్ని తగ్గించుకోవాలని ధర తక్కువ రాయిస్తే, రేపు గొడవ వచ్చి డబ్బు తిరిగి అడగాల్సి వచ్చినప్పుడు కాగితం మీదున్న ధరే సాక్ష్యం.

అమ్మే రైతులు మొత్తం సొమ్ము ఖాతాలో పడకుండా స్వాధీనం ఇవ్వకూడదు. ఒరిజినల్ లింకు దస్తావేజులు ఎవరికీ "చూసి ఇస్తాం" అంటే ఇవ్వవద్దు, జిరాక్స్‌లు చాలు.

రిజిస్ట్రేషన్ అయిన తర్వాత 1-బిలో, అడంగల్‌లో మీ పేరు ఎక్కిందో లేదో మీభూమిలో చూసుకోండి. ఎక్కకపోతే తహసీల్దారుకు అర్జీ ఇవ్వండి. ఆ తర్వాత రైతు సేవా కేంద్రంలో ఈ-పంట మీ పేరున నమోదు చేయించండి. 2018లో తిత్లీ కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినట్టు మళ్లీ తుపాను వస్తే, నష్టం రాయడానికి వచ్చే సిబ్బంది ముందుగా చూసేది ఆ పేరునే.