కింద జాజు, పైన సున్నం

గదంతా ఒకే రంగు వేయాలన్న ఆలోచన మా అమ్మకు ఎన్నడూ రాలేదు. వరంగల్ వైపు మా ఊళ్లో గోడకు రెండు రంగులు. నేల నుంచి మోకాలెత్తు దాకా ఎర్రటి జాజు, ఆపైన దూలాల దాకా సున్నం. చీపురు తగిలేదీ, కడిగిన నీళ్లు చిందేదీ, పిల్లల కాళ్ల మట్టి అంటేదీ కిందనే కదా, ఆ మురికంతా ఎరుపులో కలిసిపోయేది. చిన్న కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురును పైనున్న తెలుపు గది నిండా పంచేది. అందం సంగతి ఆ తర్వాతే.

బతుకమ్మ పండుగకు ముందు సున్నాలు మొదలయ్యేవి. బట్టీలో కాల్చిన రాయిని కాగులో వేసి నీళ్లు పోస్తే కుతకుతా ఉడికేది. కంట్లో పడితే చూపు పోతుందని పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. చల్లారాక వడగట్టి, తుమ్మజిగురు కలిపి, చివర నలగ్గొట్టిన ఈత మట్టతో పూసేవాళ్లు. తడి సున్నం గోడ మీద సరిగా కనిపించదు, ఆరే కొద్దీ తెలుపు తేలుతుంది. కొత్త కోడళ్లు కంగారుపడి దట్టంగా పూస్తే ఎండాక పెళ్లలు లేచేవి. జాజుకూ సున్నానికీ మధ్య గీత కోసం నూలుదారాన్ని జాజులో ముంచి, ఇద్దరు చెరో కొస పట్టుకుని, నడుమ లాగి వదిలేవాళ్లు. టప్పుమని తిన్నటి గీత పడేది.

సున్నపు ఘాటుకు చాలా రంగులు వెలిసిపోతాయి. జాజు ఇనుప ఆక్సైడ్ ఉన్న మన్ను కాబట్టి దానికేమీ కాదు. బట్టలకు పెట్టే నీలిమందు కూడా అలాగే తట్టుకుంటుంది. ఆ నీలం ఒకప్పుడు ఆఫ్ఘనిస్థాన్ గనుల రాయి నూరితేనే వచ్చేది. ఫ్రాన్స్‌లో గిమే అనే ఆయన చౌకగా తయారుచేసే పద్ధతి చూపించి 1828లో 6,000 ఫ్రాంకుల బహుమతి గెలుచుకున్నాడు. ఆ పొడే బట్టల నీలిమందై మా ఊరి కిరాణా కొట్టు దాకా వచ్చింది. చిటికెడు కలిపితే సున్నంలోని పసుపు చాయ విరిగేది. మా చిన్నాన్న చేయి పెద్దది, ఆయన కలిపిన ఏడు ఇల్లంతా ఆకాశమే.

డిస్టెంపర్ వచ్చాక మా ఇల్లు నేల నుంచి పైదాకా పిస్తా రంగైంది. ఇప్పుడు సోఫా వెనక ఒక్క గోడకే ముదురు రంగు వేయడం ఫ్యాషన్. మురికి పడేది కిందైతే ముదురు రంగు పైదాకా ఎందుకెక్కాలో నాకు బోధపడదు. మొన్న వచ్చిన పెయింటరుకు ఈ చర్చతో పనిలేదు. పాత సున్నం పొరలు గీకకపోతే ఎమల్షన్ పట్టదన్నాడు, గీకుడు కూలీ వేరే అన్నాడు.