అంతరిక్ష కేంద్రంలో దినచర్య
భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2000 నవంబరు 2 నుంచి మనుషులు ఎడతెగకుండా నివసిస్తున్నారు. మామూలుగా ఏడుగురు ఉంటారు. కేంద్రం దాదాపు 90 నిమిషాలకోసారి భూమిని చుట్టివస్తుంది కాబట్టి రోజుకు పదహారు సూర్యోదయాలు. పొద్దును నమ్ముకుంటే పని సాగదు. అక్కడి గడియారాలు గ్రీనిచ్ కాలమానాన్ని అనుసరిస్తాయి.

నిద్ర గోడకు కట్టిన సంచిలో. పక్కన ఫ్యాను తిరుగుతూ ఉండాలి, లేకుంటే వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు ముఖం చుట్టూనే పోగవుతుంది. పొడిగా రాలే తిండి పనికిరాదు: నలుసులు తేలుతూ పరికరాల్లోకి, కళ్లలోకి చేరతాయి. అందుకే బ్రెడ్డు బదులు టోర్టిల్లా (మన చపాతీకి దగ్గరి చుట్టం). ఉప్పు, మిరియాలు కూడా ద్రవరూపంలోనే. స్నానమంటే తడిగుడ్డతో తుడుచుకోవడమే. మూత్రాన్ని, చెమటను శుద్ధిచేసి తాగునీరుగా మారుస్తారు. అమెరికా విభాగంలో ఇలా తిరిగి దక్కే నీరు 2023లో 98 శాతానికి చేరింది.

బరువు మోయని ఎముకలు, కండరాలు క్షీణిస్తాయి గనుక రోజూ సుమారు రెండు గంటల వ్యాయామం తప్పదు. ట్రెడ్‌మిల్ మీద ఒంటికి పట్టీలు బిగించుకోకపోతే మొదటి అడుగుకే పైకి తేలిపోతారు. మిగతా సమయం ఎక్కువగా ప్రయోగాలకు, మరమ్మతులకు. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లిన తండ్రికి పుట్టిన వ్యోమగామి రాజా చారి 2021 నవంబరు నుంచి 2022 మే వరకు ఇక్కడ గడిపి, రెండుసార్లు స్పేస్‌వాక్ చేశారు.