మినమాటా విషము – పరిశోధక విద్యార్థులు

విషలోహముల వలన కలుగు వ్యాధి ఏ శాస్త్రమునకు చెందినది? రోగి వైద్యుని యొద్దకు పోవును. విషము కర్మాగారపు గొట్టము నుండి వచ్చును. నడుమ నీరున్నది, చేపయున్నది, చేపలు పట్టి బ్రతుకు కుటుంబమున్నది. వీనినన్నిటిని ఒక్కచో చేర్చి చూడగల పరిశోధక విద్యార్థులను తయారుచేయుట యెట్లను ప్రశ్న నేడు విశ్వవిద్యాలయములలో వినవచ్చుచున్నది. దాని పూర్వచరిత్రను వెదకుచు మేము జపాను దేశమున, క్యూషూ ద్వీపమందలి మినమాటా అను చిన్న రేవుపట్టణము కడ ఆగితిమి.

ఆ యూర చిస్సో సంస్థవారి కర్మాగారము 1932 నుండి ఎసిటాల్డిహైడు తయారుచేయుచుండెను. అందులకు పాదరసపు లవణము ఉత్ప్రేరకము. వాడిన నీరు సముద్రములో కలియుచుండెను. 1956 మే 1వ తేదీన కర్మాగారపు ఆసుపత్రి పెద్ద డాక్టరు హొసొకావా హజిమె, ఎన్నడు నెరుగని నరముల జబ్బుతో రోగులు వచ్చుచున్నారని స్థానిక ఆరోగ్య కార్యాలయమునకు తెలియజేసెను. కాలుసేతులు తిమ్మిరెక్కును, మాట తడబడును, చూపు ఇరుకగును. అంతకు ముందే ఆ పల్లెలలో పిల్లులు వెర్రియెత్తినట్లు ఎగిరిపడి చచ్చుచుండెను.

ఆ ఆగస్టులో కుమమోటో విశ్వవిద్యాలయ వైద్యులు బృందముగా ఏర్పడిరి. చేపలలో ఏదో విషమున్నదని కొలది నెలలలోనే గ్రహించిరి. ఆ విషమేది? మాంగనీసు అనిరి, సెలీనియము అనిరి, థాలియము అనిరి. లోపల వాడు పదార్థములేవో కర్మాగారమువారు చెప్పలేదు. వైద్యులకు రసాయన పరిశ్రమ తెలియదు. అంధగజన్యాయమన నిదియే. తుదకు, ఇంగ్లండులో విత్తనముల మందు తయారుచేయుచు మిథైల్ పాదరసము బారినపడిన కార్మికులను గూర్చి 1940లో వెలువడిన వ్యాసముతో లక్షణములు సరిపోలెను. 1959 జూలైలో సేంద్రియ పాదరసమే కారణమని బృందము ప్రకటించెను. ఆ అక్టోబరులో హొసొకావా డాక్టరు మురుగునీటిని ఆహారములో కలిపి పెట్టిన 400వ నంబరు పిల్లికి అదే వ్యాధి వచ్చెను. సంస్థ దానిని బయటికి రానీయలేదు. 1970లో మరణశయ్యపై నుండి ఆయన సాక్ష్యమిచ్చిన పిమ్మటగాని న్యాయస్థానమునకు ఆ సంగతి తెలియలేదు.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇద్దరు విద్యార్థులను గూర్చి.

మొదటివాడు హరాడా మసజుమి, మనోవైద్య శాఖలో స్నాతకోత్తర విద్యార్థి. 1961లో ఒక యింట ఇద్దరన్నదమ్ములను చూచెను. ఇద్దరి లక్షణములు ఒక్కటే. కాని పెద్దవానికే మినమాటా వ్యాధి యనియు, చేప తినని చిన్నవానిది పుట్టుకతో వచ్చిన అవిటితనమనియు వైద్యులు నిర్ణయించియుండిరి. తల్లి ఒప్పుకొనలేదు. చేపను తిన్నది తాను, బిడ్డ అప్పుడు తన కడుపులో నుండెను గదా యని ఆమె వాదము. మావి విషమును ఆపునని పుస్తకములలో నుండెను. హరాడా పుస్తకమును ప్రక్కనబెట్టి తల్లి మాట పట్టుకొనెను. 1962లో అట్టి పిల్లలు 16 మందికి గర్భములోనే విషమంటినదని అంగీకరింపబడెను. బిడ్డ బొడ్డుత్రాడు ఎండబెట్టి దాచుకొను ఆచారము ఆ దేశమున కలదు. తరువాతి కాలమున హరాడా ఆ త్రాళ్లను సేకరింపగా, వానియందు మిథైల్ పాదరసము దొరకెను. ఏ ప్రయోగశాలయు అంత చక్కగా దాచియుండదు!

రెండవవాడు ఉయి జున్, రసాయన ఇంజనీరు. ప్లాస్టిక్కు పరిశ్రమలో ఉద్యోగము చేయునపుడు తానును పాదరసపు నీటిని పారబోసినవాడే. మినమాటా వార్త విని కలతపడి, టోక్యో విశ్వవిద్యాలయములో మరల విద్యార్థియై, ఆ యూరికి పోయి విచారించెను. 1970 నుండి 1985 వరకు అదే విశ్వవిద్యాలయములో రాత్రివేళ కాలుష్యమును గూర్చి బహిరంగ పాఠములు నడపెను. ఎవరైనను రావచ్చును, పరీక్ష లేదు, పట్టము లేదు. ఆయనకు దక్కిన ఫలము, 21 ఏండ్లు సహాయకుడుగానే మిగులుట! విద్యాలయములు తమ గోడలను ఎంత ప్రేమించునో దీనివలన తెలియును.

1969లో రోగులు దావా వేసిరి. వారికి తోడ్పడుటకు హరాడా, న్యాయశాస్త్రజ్ఞుడు తొగాషి సదావో, రచయిత్రి ఇషిమురె మిచికో మొదలగువారు ఒక పరిశోధన సంఘముగా కూడిరి. విషము విడుచువాడు ముందుగా ఏమి తెలిసికొనవలసి యుండెననునది వైద్యమా, రసాయనమా, న్యాయమా? ముగ్గురును కూర్చుండినగాని ఆ వాదము రూపుగొనలేదు. 1973 మార్చి 20న తీర్పు రోగుల పక్షమున వచ్చెను.

హరాడా 1999లో కుమమోటో గకుయెన్ విశ్వవిద్యాలయమునకు మారి, 2002లో మినమాటా శాస్త్రమను పేర పాఠములు ప్రారంభించెను. అది వైద్యశాఖలో చేరినది కాదు. ఆ వేదికపై ఆచార్యులతో పాటు రోగులును నిలిచి పాఠము చెప్పిరి; విద్యార్థులు వ్రాసికొనిరి.