మోతి లండన్ పోవాలంటే: కుక్కకు కాగితం ఎందుకు వచ్చింది?



పోయిన ఆదివారం అశోక్ చౌక్‌లో చాయ్ తాగుతుంటే మన సంఘం సభ్యుడొకాయన పక్కన వచ్చి కూర్చున్నాడు. "అన్నా, పెద్దోడు లండన్‌ల ఉన్నడు గదా, ఎండకాలం సెలవులకు అందర్ని రమ్మంటున్నడు. చిన్నపిల్లేమో మోతి రాకుంటే నేను గూడ రానని కూసున్నది. కుక్కను తీస్కపోనిస్తరా? దానికి గూడ పాస్‌పోర్ట్ ఉంటదా?" అని అడిగాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకు వదల్లేదో కింద చెప్తాను. పాత పుస్తకాలు తిరగేసి, ఒక పశువుల డాక్టరును అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి. చివర సంఘానికి ఒక విన్నపం ఉంది.

కుక్కను వెంటబెట్టుకుని పోయి గడప దగ్గర ఆగిపోయిన కథల్లో మనందరికీ తెలిసింది ధర్మరాజుది. మహాప్రస్థానంలో ద్రౌపది, తమ్ముళ్లు ఒక్కొక్కరే దారిలో పడిపోయారు. చివరికి వెంట మిగిలింది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నాడు, కుక్కకు మాత్రం స్వర్గంలో చోటు లేదన్నాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి నేను రానన్నాడు ధర్మరాజు. ఆ కుక్కే యమధర్మరాజని తర్వాత తెలిసింది. మనకు దగ్గర్లోనే గాణగాపూర్ ఉంది, అక్కల్‌కోట్ ఉంది. దత్తాత్రేయుడి పటం లేని ఇల్లు మన పేటల్లో తక్కువ. ఆ పటంలో స్వామి కాళ్ల దగ్గర నాలుగు కుక్కలు ఉంటాయి, నాలుగు వేదాలని పెద్దలు చెప్తారు. కుక్కను మనవాళ్లు ఎప్పుడూ పరాయిగా చూడలేదు.

మన దక్కన్ కుక్క ఒకటి నిజంగానే లండన్ పోయింది. షోలాపూర్‌కు దక్షిణాన, ఇప్పటి బాగల్‌కోట్ జిల్లాలో ముధోళ్ అనే చిన్న సంస్థానం ఉండేది. అక్కడి ఘోర్పడే రాజు మాలోజీరావు సన్నగా, పొడుగు కాళ్లతో గాలిలా పరుగెత్తే వేటకుక్కలను పెంచేవాడు. 20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్ పోయినప్పుడు ఐదో జార్జి చక్రవర్తికి ఒక జంటను కానుకగా ఇచ్చాడు. అప్పటి నుంచి ఆ జాతికి ముధోళ్ హౌండ్ అనే పేరు నిలిచింది. మన మహారాష్ట్రలో దాన్నే కారవాన్ కుక్క అంటారు. చాలా కాలం కింద పడమటి దేశాల నుంచి వచ్చిన వర్తకుల బిడారుల వెంట దీని పూర్వీకులు దక్కన్‌కు చేరాయని, ఆ పేరు అందుకే వచ్చిందని చెప్తారు. 2005లో మన తపాలా శాఖ ఈ కుక్క బొమ్మతో బిళ్ల కూడా వేసింది.

బిడారు వెంట వచ్చిన కుక్కను ఏ కాగితం అని ఎవరు అడిగి ఉంటారు? మరి ఇప్పుడు మోతిని ఎందుకు అడుగుతున్నారు?

దీనికి జవాబు 1897 దగ్గర మొదలవుతుంది. ఆ సంవత్సరం మన పెద్దలకు మరో కారణంగా గుర్తుండేది. 1896లో ముంబైలో ప్లేగు మొదలైంది. 1897 ఫిబ్రవరిలో తెల్ల సర్కారు అంటురోగాల చట్టం తెచ్చింది. రైలు దిగిన మనిషిని ఆపి, నాడి చూసి, చంకలో గడ్డ ఉందేమోనని తడిమేవారు. అనుమానం వస్తే వేరుగా పెట్టేవారు. పొట్ట చేతబట్టుకుని నిజాం రాజ్యం దాటి ముంబై ఇలాకాలోకి వచ్చిన మన మగ్గపోళ్ల కాలం అది. సరిగ్గా అదే 1897లో బ్రిటన్ తన దేశంలోకి వచ్చే కుక్కల మీద ఆంక్ష పెట్టింది. 1901 నుంచి బయటి కుక్క ఏదైనా ఆరు నెలలు క్వారంటైన్‌లో ఉండాల్సిందే అన్నది. కరోనా పుణ్యమా అని ఈ క్వారంటైన్ మాట మనకు బాగా తెలుసు. పూర్వం వెనిస్ రేవులో ఓడలను నలభై రోజులు ఆపేవారు. ఇటలీ భాషలో నలభై అనే మాట నుంచే ఈ పేరు పుట్టింది.

కుక్కకు నలభై రోజులు ఎందుకు చాలలేదంటే రేబిస్ జబ్బు తీరే అలాంటిది. కరిచిన చోటు నుంచి ఆ విషక్రిమి నరం పట్టుకుని మెల్లగా మెదడు వైపు పాకుతుంది. వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. అప్పటిదాకా కుక్క తింటుంది, ఆడుకుంటుంది, తోక ఊపుతుంది. లక్షణం బయటపడ్డాక కుక్కైనా మనిషైనా బతకడం దాదాపు లేదు. అందుకే ఆరు నెలలు కళ్లముందు పెట్టుకుని చూద్దామన్నారు. ఇంట్లోని కుక్కలకు మూతిబుట్ట కట్టించి, వీధి కుక్కలను అదుపు చేసి, 1902 నాటికి బ్రిటన్ రేబిస్‌ను పూర్తిగా వదిలించుకుంది.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఖందకాల్లో తమతో కష్టం పంచుకున్న కుక్కలను కొందరు సైనికులు దాచిపెట్టి ఇంటికి తెచ్చుకున్నారు. వాళ్ల ప్రేమను తప్పు పట్టలేం. కానీ 1918లో రేబిస్ మళ్లీ వచ్చింది. మళ్లీ వదిలించడానికి 1922 దాకా పట్టింది. 1969లో క్యాంబర్లీ అనే ఊళ్లో, జర్మనీ నుంచి వచ్చి ఆరు నెలలు పూర్తి చేసి విడుదలైన ఒక సైనిక కుటుంబం కుక్క కొద్దిరోజులకే పిచ్చెక్కి ఇద్దరిని కరిచింది. ఆరు నెలలు కూడా చాలలేదు. ఆ భయంతోనే ఆ దేశం తలుపు ఇంకా గట్టిగా మూసింది.

ఆ భయానికి రెండో వైపు మందు. 1885 జులైలో ప్యారిస్‌లో లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఒక పిల్లవాడికి మొదటిసారి టీకా వేసి బతికించాడు. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో కూనూర్‌లో పాశ్చర్ సంస్థలు వచ్చాయి. కసౌలీలోనే 1911లో డేవిడ్ సెంపుల్ అనే డాక్టరు గొర్రె మెదడు నుంచి టీకా తయారు చేశాడు. మన వయసువాళ్లందరికీ తెలిసిన బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అదే. ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల దాకా మన దేశంలో ఆ సూదులే నడిచాయి.

చాయ్ దగ్గరి ప్రశ్న నన్ను ఎందుకు వదల్లేదో ఇప్పుడు చెప్తాను. నా చిన్నప్పుడు మా చాల్‌లో మా రెండిళ్ల అవతల ఒక పిల్లవాడు ఉండేవాడు. నాకంటే ఏడాది చిన్న. గోటీలాటలో నాకు జోడీ. గల్లీ కుక్క పిక్క మీద పట్టింది. వాళ్ల నాయన రోజుకూలీ మగ్గం నేసేవాడు. పిల్లవాణ్ని తీసుకుని దవాఖానకు పోయిన రోజు కూలీ ఉండదు. పద్నాలుగు సూదులంటే పద్నాలుగు రోజులు. ఆరో ఏడో వేయించారు. పుండు మానింది, పిల్లవాడు ఆడుకుంటున్నాడు, ఇంకెందుకులే అనుకున్నారు. రెండు నెలల తర్వాత ఒక పొద్దున వాడు చెంబులో నీళ్లు చూసి వణికిపోయాడు. మూడో రోజుకు లేడు. ఆ నాయన తర్వాత ఎన్నో ఏళ్లు మగ్గం నేశాడు గానీ, మధ్యలో నాడె ఆపి ఊరికే కూర్చునేవాడు. తప్పు ఆయనది కాదు. కూలీకి, సూదికి మధ్య ఎంచుకోవాల్సి రావడమే తప్పు.

కాబట్టి బంధువులారా, విదేశాల వాళ్లు కుక్కకు ఇన్ని కాగితాలు ఎందుకడుగుతారని విసుక్కునే ముందు ఆ పిల్లవాణ్ని గుర్తుచేసుకుంటాను. ఆ కాగితం వెనక ఇలాంటి చావులు ఉన్నాయి.

ఇక మోతి విషయం. 2000లో బ్రిటన్ కొన్ని దేశాల పెంపుడు జంతువులకు టీకా, రక్తపరీక్ష ఉంటే క్వారంటైన్ తీసేసింది. 2012 జనవరి నుంచి మన లాంటి దేశాల కుక్కలకు కూడా ఆరు నెలల చెర పోయింది. కానీ వరస తప్పకూడదు. ముందు మెడ దగ్గర చర్మం కింద 15 అంకెల మైక్రోచిప్. ఆ తర్వాతే రేబిస్ టీకా. టీకా వేసిన 30 రోజులకు రక్తం తీసి, వాళ్లు గుర్తించిన ల్యాబుకు పంపాలి. మిల్లీలీటరుకు కనీసం 0.5 యూనిట్ల రక్షణ కనపడాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ప్రయాణానికి ముందు ఒకటి నుంచి ఐదు రోజుల లోపు బద్దెపురుగు మందు డాక్టరు చేతనే వేయించాలి. బ్రిటన్‌కు విమానంలో కుక్క మన ఒళ్లో కూర్చుని పోదు, సరుకుగా పోతుంది. అన్నీ కలిపి నాలుగు నెలలు దాటుతుంది. ఏప్రిల్‌లో పోవాలంటే నవంబర్ నాటికే చిప్ పడాలి.

ఇక్కడ కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ శాఖ ఎగుమతి పత్రం ఇవ్వాలి. ఆ శాఖ కేంద్రాలు షోలాపూర్‌లో లేవు. మనకు దగ్గరివి ముంబై, హైదరాబాద్. మన తాతలు బతుకుదెరువుకు నడిచిన దారులే మోతికీ దిక్కు. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. పోయేటప్పుడు అన్నీ సరిచూసి, వచ్చేటప్పుడు ఇరుక్కునేవాళ్లు ఉంటారని డాక్టరు చెప్పాడు. ఇంకో మాట. ఫోన్ కంపెనీ ప్రకటన చూసి మనవాళ్లు చాలామంది పగ్ కుక్కలను తెచ్చుకున్నారు. ముక్కు చట్టిగా ఉన్న ఆ జాతికి విమానం సరుకు గదిలో, అందులోనూ ఎండకాలంలో, ఊపిరాడక ప్రాణం మీదికి రావచ్చు. చాలా విమాన కంపెనీలు వాటిని ఎక్కించుకోవు.

మన పిల్లలు ఎక్కువగా ఉన్న అమెరికా కూడా 2024 ఆగస్టు నుంచి నియమాలు బిగించింది. రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో మన దేశం ఉంది. జపాన్ అయితే రక్తం తీశాక 180 రోజులు ఆగమంటుంది. ఆస్ట్రేలియా మన కుక్కను నేరుగా రానే రానివ్వదు. వాళ్ల పట్టుదల ఎలాంటిదంటే, 2015లో హాలీవుడ్ నటుడు జానీ డెప్ కుటుంబం రెండు చిన్న కుక్కలను చెప్పకుండా సొంత విమానంలో తీసుకెళ్తే, రెండు రోజుల్లో వెనక్కి పంపకపోతే చంపేస్తామని మంత్రి హెచ్చరించాడు. మరుసటి ఏడు కోర్టుకెక్కి, వీడియోలో క్షమాపణ చెప్పాకే అది తేలింది.

కాగితం ఒక్కోసారి వంగుతుంది కూడా. 2022లో ఉక్రెయిన్ యుద్ధంలో మన విద్యార్థులు కొందరు కుక్కలను, పిల్లులను వదిలి రామన్నారు. మన ప్రభుత్వం ఆ ఒక్కసారికి నియమాలు సడలించి, వాటిని కూడా విమానాల్లో రానిచ్చింది. అదే యుద్ధంలో తణుకుకు చెందిన ఒక తెలుగు డాక్టరు తాను పెంచుకున్న జాగ్వార్‌ను, నల్ల చిరుతను వదలలేక నేలమాళిగలో ఉండిపోయాడని అందరం వార్తల్లో చూశాం. ధర్మరాజు మాట ఇప్పటికీ చెల్లుతోంది.

కానీ సెలవుల ప్రయాణానికి ఏ ప్రభుత్వమూ నియమం వంచదు. ఒక్కటి ఆలోచించండి. మోతికి ఏటా టీకా పడుతోంది, చక్కగా స్నానం చేయిస్తున్నారు, అది ఇంటి బిడ్డ. అయినా నాలుగు నెలలు ఆగమంటున్నారు. ఎందుకు? ఆ కాగితం మోతిని చూసి అడగడం లేదు, మన గల్లీలను చూసి అడుగుతోంది. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో పోతారని, అందులో మూడో వంతు దాకా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వందలో తొంభై తొమ్మిది కుక్క కాటు వల్లే.

ఇది మారనిది కాదు. జపాన్ 1950లో చట్టం చేసి, ప్రతి కుక్కకూ ఏటా టీకా తప్పనిసరి చేసింది. 1957 తర్వాత అక్కడి కుక్కల్లో రేబిస్ లేదు. మన పక్కన గోవాలో కొన్నేళ్లు ఇల్లిల్లూ, వీధివీధీ తిరిగి కుక్కలకు టీకాలు వేశారు. 2021లో రేబిస్ అదుపులోకి వచ్చిన మొదటి రాష్ట్రంగా ప్రకటించుకుంది. ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే జబ్బు గొలుసు తెగుతుందని డాక్టర్లు చెప్తారు.

అందుకే నా విన్నపం. సెప్టెంబర్ 28 పాశ్చర్ వర్ధంతి, ప్రపంచ రేబిస్ దినం. ఆలోపు మన సంఘం మహానగరపాలికకు ఒక అర్జీ పెట్టాలి. అశోక్ చౌక్ చుట్టుపక్కల గల్లీ కుక్కలన్నింటికీ టీకా, గర్భం రాకుండా ఆపరేషన్ చేయించాలని అడగాలి. పట్టుకునేవాళ్లకు దారి చూపడానికి, రోజూ రొట్టె వేసే మనిషి చేతికి కుక్క దొరుకుతుంది కాబట్టి ఆ మనిషిని పిలవడానికి, ప్రతి గల్లీ నుంచి ఇద్దరు యువకులు రావాలి. మార్కండేయ రథోత్సవానికి వేలమందిని కూడగట్టే మనకు ఇది పెద్ద పని కాదు.

ఎవరినైనా కుక్క కరిస్తే పసుపు, కారం, సున్నం పెట్టకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే దవాఖానకు పోండి. ఇప్పుడు బొడ్డు చుట్టూ సూదులు లేవు, చేతికి నాలుగైదుసార్లు. ఒక్కటి కూడా వదలకండి. కూలీ పోతుందని ఎవరైనా ఆగితే ఆ రోజు కూలీ సంఘం ఇవ్వాలి. ఆ ఖాతాలో మొదటి వెయ్యి రూపాయలు నావి.

మోతి సంగతి తేలింది. ఈ ఎండకాలం అది మేనత్త ఇంట్లో, సాఖర్ పేటలో ఉంటుంది. చిన్నపిల్ల రెండు రోజులు అలిగి ఒప్పుకుందట, రోజూ వీడియోలో చూపించాలని షరతు పెట్టి. వచ్చే ఏడాది కోసం చిప్ మాత్రం ఇప్పుడే వేయిస్తున్నారు.